శనివారం వచ్చే పిల్ల

ఉత్తరాంధ్ర క్రైస్తవ కుటుంబాల్లో ‘బోర్డింగు’ చాలా పాత మాట. హాస్టలు, గురుకులం, రెసిడెన్షియల్ అనే మాటలు రాకముందే మా ఇళ్లల్లో ఆ మాట ఉంది. ‘మీ అమ్మమ్మ బోర్డింగులో చదువుకుంది’, ‘ఆయన బోర్డింగు కుర్రాడు’ అని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే వింటూ పెరిగినవాళ్లం. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం వచ్చారనీ, 1874లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారు కాకినాడలో పని మొదలుపెట్టి క్రమంగా బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడి దాకా వచ్చారనీ సంఘ చరిత్రలో చదువుకుంటాం. ఆ చరిత్రలో గుడి పక్కన బడి, బడి పక్కన బోర్డింగు. ఆనాడు చాలా పల్లెల్లో బడి లేదు. ఉన్నచోట పేదల పిల్లల్ని, అంటరానివారన్న పిల్లల్ని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అందుకని ఆ పిల్లల్ని తెచ్చి తమ దగ్గర ఉంచుకుని, తిండి పెట్టి అక్షరాలు నేర్పారు. మా వైపు కుటుంబాల్లో మొదటి టీచరు, మొదటి నర్సు ఎవరని అడిగితే చాలాచోట్ల వేలు ఆ బోర్డింగుల వైపే చూపిస్తారు.

ఇందులో ఒక చిత్రమైన సంగతి ఉంది. మన పిల్లల్ని దగ్గర పెట్టుకున్న ఆ మిషనరీ దంపతుల్లో చాలామంది సొంత పిల్లల్ని మాత్రం దూరంగా పంపుకున్నారు. ఎండలు, జ్వరాలు, చదువు... కారణమేదైనా వాళ్ల పిల్లలు కొండల మీది బడులకు వెళ్లేవారు. 1899లో కూనూరులో మొదలైన హెబ్రోన్ పాఠశాల, 1901లో కొడైకెనాల్‌లో మొదలైన పాఠశాల అలాంటి పిల్లల కోసం పుట్టినవే. తల్లిదండ్రులు తెలుగు పల్లెల్లో, బిడ్డలు తమిళ కొండల్లో. నెలల తరబడి ఉత్తరాలే దిక్కు. ఆ ఉత్తరాల కోసం ఎదురుచూసిన తల్లుల గురించి మన సంఘ చరిత్రల్లో ఎక్కడా పెద్దగా రాసినట్టు కనబడదు.

మా ఇంట్లో ఆ బోర్డింగు తరం మనిషి ఒకరున్నారు. మా పిల్లలకు నాన్నమ్మ. ఎనభై దాటిన ఆమె చిన్నతనంలో ఒక మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతి వరకు చదువుకున్నారు. ఏడాదికి రెండుసార్లే ఇంటికి వచ్చేవారట, క్రిస్మస్‌కు ఒకసారి, వేసవికి ఒకసారి. అలాంటిది, మా అమ్మాయిని హాస్టల్లో వేద్దామనుకుంటున్నామని చెప్పినప్పుడు ఇంట్లో గట్టిగా అడ్డుపడింది ఆమే.

“ఏటి, గుంటని ఒగ్గేసొస్తారా?” అన్నారు.

“నువ్వూ అలాగే చదువుకున్నావు కదమ్మా?”

“నాకు ఇంటికాడ తిండి నేదు, ఎల్లేను. దీనికేటి తక్కువయింది?”

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. మాది నెల్లిమర్ల. చంపావతి ఒడ్డున ఉన్న ఊరు. బయటివాళ్లకు మా ఊరు జూట్ మిల్లు వల్ల తెలుసు, లేదా దగ్గర్లోని రామతీర్థం వల్ల తెలుసు. పిల్లల తాతయ్య ఆ మిల్లులో షిఫ్టులు చేసిన మనిషే. మిల్లు నడిచిన రోజుల్లో జీతం, లాకౌటు పడిన రోజుల్లో అప్పు, అలా నలుగురు పిల్లల్ని పెంచారు. ఆయన లేరు. ఇప్పుడు మాలో ఒకరు ఆసుపత్రి నర్సు, ఒకరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు. నర్సుకు పగలు డ్యూటీ ఒక వారం, రాత్రి డ్యూటీ ఒక వారం. టీచరుకు సాలూరు వైపు బదిలీ అయింది. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరడం. ఇంట్లో పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, ఎనభై ఏళ్ల పెద్దావిడ, ఒక స్మార్ట్ ఫోను. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఆ ముగ్గురికీ పెద్ద ఎవరంటే, ఫోనే.

చదువు ఒక్కటే కారణమైతే హాస్టలు ఆలోచన వచ్చేది కాదు. ఊళ్లో బడులున్నాయి, పది కిలోమీటర్ల లోపే విజయనగరం ఉంది. మమ్మల్ని భయపెట్టింది ఆ మూడు గంటలు. పిల్ల మాట్లాడటం తగ్గించింది. కుటుంబ ప్రార్థనకు పిలిస్తే వచ్చి కూర్చునేది, కళ్లు మూసుకునేది, ఆమేన్ అనేది, లేచి వెళ్లిపోయేది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. దిగులు పడటానికి మాత్రం చాలా ఉంది.

దారులు వెదికాం. మన రాష్ట్రంలో పిల్లల్ని ఉంచి చదివించే బడులకు కొదవ లేదు. 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక నవోదయ వచ్చింది. ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా విద్యాలయాలు మొదలయ్యాయి. మా జిల్లాలోనైతే వీటన్నిటికంటే ముందే, 1962లో, విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో సైనిక్ స్కూలు వచ్చింది. 2021 నుంచి సైనిక్ స్కూళ్లన్నిటిలో అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. కానీ వీటిలో చేరడానికి దేని వయసు దానికి, దేని పరీక్ష దానికి ఉంది. పైగా అన్నీ పూర్తి హాస్టళ్లు. పిల్ల ఇంటికి వచ్చేది సెలవులకే.

ఇంగ్లండులో ‘వీక్లీ బోర్డింగ్’ అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. వారమంతా బడిలో, శని ఆదివారాలు ఇంట్లో. మన దగ్గర దానికి స్థిరమైన పేరు లేదు. కొందరు వీక్లీ హాస్టల్ అంటారు, కొందరు సెమీ అంటారు, ఆ సెమీ అన్నమాటకు ఒక్కో బడిలో ఒక్కో అర్థం. విశాఖ శివారులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఈ సదుపాయం ఉందని తెలిసింది. బడి పేరు ఇక్కడ అవసరం లేదు. శనివారం మధ్యాహ్నం తీసుకెళ్లాలి, ఆదివారం సాయంత్రం అయిదింటికి తెచ్చి అప్పగించాలి. మేము పెట్టుకున్న షరతు ఒక్కటే, ఆదివారం మాకు కావాలి. 2023 జూన్‌లో ఎనిమిదో తరగతిలో చేర్పించాం.

చేర్చే ముందు మా పాస్టరు గారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ఎందుకో హన్నా కథ ఎత్తుకున్నారు. సమూయేలు పాలు విడిచిన తర్వాత హన్నా అతన్ని షిలోహులో యాజకుడైన ఏలీ దగ్గర వదిలి వెళ్లిందన్నది సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. మనం ఆమె త్యాగాన్ని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోతాం. ఆయన అక్కడ ఆగలేదు. “షిలోహు మంచి హాస్టలేమీ కాదండీ” అన్నారు. నిజమే కదా! వార్డెను ముసలివాడు, చూపు ఆనదు. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు ఎలాంటివాళ్లో వాక్యం దాచలేదు. బలి మాంసం దగ్గర కూడా దౌర్జన్యమే. అలాంటి చోట పసివాణ్ని వదిలిన తల్లి ఏం చేసిందంటే, ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లింది (1 సమూ 2:19). పాస్టరు గారు చెప్పినది అంతవరకే. ఆ తర్వాత చాలా రోజులు మేమిద్దరం ఆ అంగీ గురించే మాట్లాడుకున్నాం. ఎదుట లేని బిడ్డకు అంగీ కుట్టాలంటే కొలత ఎలా? ఏడాదిలో ఎంత పెరిగి ఉంటాడో తల్లి ఊహించుకోవాలి. పోయినేటి కొలతతో కుడితే పట్టదు. మరీ పెద్దది కుడితే వాడు అందులో మునిగిపోతాడు. హన్నా ప్రతి ఏడూ ఆ లెక్క వేసింది. మాకు ఏడాది కాదు, ఆరు రోజులే. అయినా ఆ వయసులో ఆరు రోజులు తక్కువేమీ కాదని త్వరలోనే తెలిసింది.

మొదటి నెల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అందరి పిల్లల్లాగే ఏడ్చింది. ట్రంకు పెట్టెకు తాళం చెవి పోగొట్టుకుంది. బట్టల మీద రాసిన నంబరు ఉతుకుల్లో చెరిగిపోయి, ఒక వారం వేరెవరి గౌనో వేసుకుని వచ్చింది. తలలో పేలు పడ్డాయి. హాస్టలు సాంబారు గురించి రోజుకొక కథ. దానియేలూ అతని స్నేహితులూ బబులోను రాజు భోజనం వద్దని పది రోజులు శాకధాన్యాలు, నీళ్లతో గడిపారని తండ్రి గుర్తుచేస్తే, “వాళ్లకు పదిరోజులే కదా నాన్నా” అంది. ఆ మాటతో మాకు ధైర్యం వచ్చింది. ఎగతాళి చేయగలుగుతున్న పిల్ల ఫరవాలేదనుకున్నాం.

జులైలో ఆ ధైర్యం మళ్లీ కదిలింది. విశాఖలోనే హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణించిందని పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మాలో ఎవరూ రెండోవారితో దాని గురించి మాట్లాడలేదు. పత్రిక మడిచి పెట్టేశాం. నాన్నమ్మ మాత్రం, శనివారం ఎన్ని రోజులుందని అడిగారు.

ఆ అమ్మాయి తండ్రి సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. దాంతోపాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలకూ, హాస్టళ్లకూ కలిపి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సిలరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ‘టెలి మానస్’ వంటి సహాయ నంబర్లు హాస్టల్లో అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. 2022లో దేశవ్యాప్తంగా 13 వేల మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న ప్రభుత్వ లెక్కను కోర్టు గుర్తుచేసింది. పిల్లల్ని హాస్టళ్లలో ఉంచిన తల్లిదండ్రులు ఈ తీర్పు గురించి తెలుసుకోవాలి. అడ్మిషన్ రోజున ఫీజు రాయితీ గురించి అడిగే మనం, కౌన్సిలరు ఉన్నారా, వారంలో ఎన్ని రోజులు వస్తారు అని కూడా అడగవచ్చు. టెలి మానస్ నంబరు 14416. ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మా అమ్మాయి గదిలోనూ, మా వంటింటి క్యాలెండరు మీదా ఇప్పుడు ఆ నంబరు ఉంది.

శనివారాలకు ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరికి డ్యూటీ లేకపోతే వారు వెళ్లి తీసుకురావడం. దారంతా పిల్ల నిద్ర. ఇల్లు చేరాక చోడి అంబలో, నెత్తళ్ల కూరో, ఏదో ఒకటి తిని నాన్నమ్మ మంచం మీదే మళ్లీ నిద్ర. తన మంచం అప్పటికే తమ్ముడు ఆక్రమించుకున్నాడు. ఆ విషయంలో ఎన్ని చర్చలు జరిగినా సరిహద్దు తేలలేదు. శనివారం రాత్రి మార్కుల మాట ఎత్తకూడదన్నది నాన్నమ్మ పెట్టిన నియమం. ఆమె బోర్డింగులో ఉన్నప్పుడు సెలవులకు ఇంటికి రాగానే వాళ్ల నాన్న ఎక్కాలు అప్పజెప్పించుకునేవారట. “ఇంటికొచ్చినట్టుండేది కాదు, బడి ఎనకాలే వచ్చినట్టుండేది” అన్నారు. కనుక ప్రగతి పత్రం సంచి అడుగునే ఉండేది, ఆదివారం భోజనాలు అయ్యేదాకా.

ఆదివారం మాత్రం పరుగే. ఆరాధన ఒంటిగంటకు ముగుస్తుంది. ప్రసంగం పది నిమిషాలు పెరిగితే మా అమ్మాయి గడియారం వంక, మేము అమ్మాయి వంక. కోడికూర తినడం, ఇస్త్రీ బట్టలు సర్దడం, కొబ్బరినూనె సీసా, జంతికల డబ్బా, ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించి పాలిథిన్ కవరులో చుట్టడం, రెండున్నరకు బస్సు. వెళ్లేటప్పుడు బస్సు, పిల్లను దింపి వచ్చేవాళ్లు మాత్రం సాయంత్రం పలాస ప్యాసింజరు ఎక్కేవారు. అది నెల్లిమర్లలో ఆగుతుంది, టికెట్టు ధర తక్కువ. వారానికొకసారి అంటే టికెట్టు ధర కూడా లెక్కలోకి వస్తుంది.

2023 అక్టోబరు 29 కూడా ఆదివారమే. ఆ రోజు దింపడం తండ్రి వంతు. రాత్రి ఏడున్నరకు మా సంఘంలో ఒకరింట గృహ ప్రార్థన ఉండటంతో ఆయన రైలు కోసం ఆగకుండా విజయనగరం బస్సు ఎక్కి వచ్చేశారు. ఆ రాత్రి ఏడుగంటల ప్రాంతంలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజరును వెనకనుంచి వచ్చిన విశాఖ–రాయగడ ప్యాసింజరు ఢీకొంది. 14 మంది చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు. మా వైపు ఊళ్లకు ఆదివారం సాయంత్రాలు తిరిగివచ్చే రైళ్లవి. చుట్టాల ఇళ్లకు వెళ్లివచ్చేవాళ్లు, పనులకు వెళ్లివచ్చేవాళ్లు, పిల్లల్ని హాస్టళ్లలో దింపి వచ్చేవాళ్లు.

మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం, కానీ ఆ స్తోత్రం గట్టిగా చెప్పుకునేది కాదు. మన రైలు తప్పిందని మనం అంటుంటే, తప్పనివాళ్ల ఇళ్లు పక్క ఊళ్లలోనే ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో మమ్మల్ని లేచి చెప్పమన్నారు. మేము లేవలేదు.

ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ రాత్రి హాస్టల్లో జరిగిన సంగతి. ఎనిమిదింటికి భోజనాల హాల్లో వంటామె ఫోనులో వార్త వచ్చింది. పలాస ప్యాసింజరు అన్నమాట మా అమ్మాయి చెవిన పడింది. వాళ్ల నాన్న ఆ రైల్లోనే ఉంటాడని ఆమెకు తెలుసు. బస్సెక్కాడని తెలియదు. పిల్లల దగ్గర ఫోనుండదు. బుధవారం సాయంత్రం అయిదు నిమిషాలు మాట్లాడటమే అక్కడి నియమం. ఎవరికీ ఏమీ చెప్పకుండా కంచం కడిగేసి వెళ్లి వార్డెన్ మేడమ్ గది ముందు నిలబడింది. ఆమె తలుపు తీసి ఏమిటని అడిగితే నంబరు మాత్రం చెప్పిందట. ఆ వేళ లైన్లన్నీ బిజీ. ఉత్తరాంధ్రలో అందరూ అందరికీ ఫోన్లు చేస్తున్న రాత్రి అది. తొమ్మిది దాటాక తల్లి నంబరు కలిసింది.

“నాన్న ఇంట్లో ఉన్నారా?”

“ఉన్నారమ్మా, బస్సులో వచ్చేశారు.”

“ఒకసారి ఇవ్వు.”

ఆయన ఫోను తీసుకుంటే, “ఏమీ లేదు నాన్నా. అన్నం తినేశాను” అని పెట్టేసింది. తినలేదని మర్నాడు వార్డెన్ మేడమ్ చెప్పారు. ఆమె ఆ రాత్రి తన గదిలోనే చాప వేసి పడుకోబెట్టుకున్నారట. ఆమె హిందువు. ప్రార్థన చేసుకుంటావా అని తనే అడిగి, లైటు తీసేసి బయట కూర్చున్నారని మా అమ్మాయి చాలా రోజుల తర్వాత చెప్పింది.

పిల్లను దూరంగా పంపిన తల్లిదండ్రులకు తమ దిగులు తప్ప ఇంకొకటి కనబడదు. ఆదివారం సాయంత్రం గేటు లోపలికి వెళ్లిన పిల్లకు కూడా, వెనక్కి వెళ్తున్న తండ్రి ఇల్లు చేరాడో లేదో అన్న దిగులుంటుందని ఆ రాత్రి దాకా మా ఇంట్లో ఎవరి ఊహకూ అందలేదు. ఆ వారమే బడికి వెళ్లి ఒక మాట అడిగాం. దింపినవాళ్లు ఇల్లు చేరగానే వార్డెన్ మేడమ్‌కు మెసేజ్ పెడతారు, ఆమె ఆ పిల్లకు చెప్పాలి. అంతే. యాజమాన్యం ఒప్పుకుంది. నెల తిరిగేసరికి వీక్లీ పిల్లలందరి ఇళ్లనుంచీ ఆదివారం రాత్రి ‘చేరాం’ అన్న మెసేజ్‌లు రావడం మొదలైందట. స్టడీ అవర్‌లో మేడమ్ పేర్లు చదివేవారు. ఎవరి పేరు ఇంకా రాలేదో వాళ్లు పుస్తకం తెరిచి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవారని మా అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

తొమ్మిదో తరగతి మధ్యలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇకనుంచి ఆదివారం ఉదయం పరీక్షలు ఉంటాయని, వీక్లీ పిల్లలు నెలకొకసారే ఇంటికి వెళ్లవచ్చని సర్క్యులర్ వచ్చింది. పదో తరగతికి ముందు ఇవి తప్పవన్నారు. ఇది క్రైస్తవ కుటుంబాల సమస్య మాత్రమే అనుకుని, నలుగురం కలిసి వినతిపత్రం ఇద్దామని బయల్దేరాం. తీరా వెళ్లి చూస్తే మాకంటే ముందే ఇరవై మంది కూర్చుని ఉన్నారు. అమ్మమ్మ మంచాన పడి ఉందని ఒకరు, పిల్లాడు ఇంట్లో ఉండేదే ఆ ఒక్కరోజని ఒకరు, పొలంలో తండ్రికి సాయం కావాలని ఒకరు. ఆదివారాన్ని ఆరాధన దినంగా కాపాడుకోవాలని వెళ్లిన మాకు, ఆ దినం కావలసినవాళ్లు అంతమంది ఉన్నారని అక్కడే తెలిసింది. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడూ దాసీ పశువూ, మన ఇంట ఉన్న పరదేశి కూడా ఉన్నారు కదా (నిర్గమ 20:10). చదువుకునే పిల్లలను మాత్రం ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు. చివరికి కుదిరిన రాజీ, నెలలో రెండు ఆదివారాలు ఇల్లు, రెండు ఆదివారాలు పరీక్షలు. అది సరైన రాజీ అని మేము ఇప్పటికీ అనుకోవడం లేదు. వారంలో ఏడో రోజు కూడా పరీక్ష పెడితే ఆరు రోజుల చదువు ఎక్కువవుతుందన్న లెక్క మాకు అర్థం కాదు. ఉపాధ్యాయుడు ఉన్న ఇల్లు మాది, కాబట్టి ఈ మాట అనే హక్కు కొంత ఉందనుకుంటాం.

ఆ రెండు ఆదివారాల్లో మా బెంగ వేరే. పరీక్ష పదకొండింటికి అయిపోతుంది. తర్వాత పిల్ల ఏం చేస్తోంది? దగ్గర్లో చర్చి ఉంది, పంపుతామన్నారు, కానీ తోడుగా వెళ్లే ఆయా సెలవులో ఉంటుంది. బైబిలు ట్రంకు పెట్టెలోనే ఉంది. ఒక బుధవారం తల్లి అడిగింది.

“ఆదివారం ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?”

కాసేపు ఊరుకుని, “నిద్రపోతున్నానమ్మా” అంది.

అబద్ధం చెప్పలేదన్న సంతోషం ఒకవైపు, దిగులు ఒకవైపు. ఈ మాట పాస్టరు గారికి చెప్పాం. మందలిస్తారనీ, ఏదైనా వాక్యం రాసి పంపిస్తారనీ అనుకున్నాం. ఆయన ఏలీయా గురించి చెప్పారు. యెజెబెలుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు అనుకున్న ఏలీయా దగ్గరకు దేవదూత వచ్చాడు. “వచ్చి ఏం చేశాడండీ? తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తిండి పెట్టాడు (1 రాజులు 19:5–7). ప్రసంగమేమీ చెప్పలేదు కదా” అన్నారు. “ఆరు రోజులు పొద్దున్న అయిదింటికి లేస్తున్న పిల్ల. ముందు పడుకోనివ్వండి. మీరు వెళ్లినప్పుడు రొట్టె పట్టుకెళ్లండి” అని కూడా అన్నారు. పాస్టరు గారి మాట ప్రకారం రొట్టె కాదు గానీ, ఆ ఆదివారాల్లో మధ్యాహ్నం ములాఖత్తుకు కోడికూర క్యారియరు తీసుకువెళ్లడం మొదలుపెట్టాం. గేటు పక్క వేపచెట్టు కింద చాప వేసుకుని తినడం, ఆమెకు నిద్ర వస్తే తల్లి ఒడిలో అరగంట పడుకోవడం. లేచాక తనే, “ప్రార్థన చేద్దామా, బస్సు టైమవుతోంది” అనేది. కొన్నిసార్లు అనేది కాదు. అననప్పుడు మేమూ అడగలేదు.

ఈ పద్ధతి మంచిదా కాదా అని మా సంఘంలో ఇప్పుడు చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. పిల్లను బట్టి, వార్డెనును బట్టి అని చెబుతున్నాం. పూర్తి హాస్టలుకంటే వీక్లీకి ఖర్చు తక్కువేమీ కాదు, ప్రయాణాలు కలుపుకుంటే ఎక్కువే. ఫోను ఆరు రోజులు చేతిలో లేకపోవడం వల్ల మాటలు మళ్లీ వచ్చాయన్నది మాత్రం నిజం. ఆదివారం భోజనాల దగ్గర ఆమె మాట్లాడుతుంటే తమ్ముడికి సందు దొరికేది కాదు. అదే సమయంలో, మేము చూడకుండానే జరిగిపోయినవి కూడా ఉన్నాయి. ఎత్తు పెరగడం, గొంతు మారడం, ఒక స్నేహితురాలితో గొడవపడటం, మళ్లీ కలవడం, ఇవన్నీ జరిగిపోయాక మాకు తెలిసేవి. ఒక శనివారం పిల్ల బస్సు దిగుతుంటే సల్వారు చీలమండల పైకి వచ్చేసి ఉంది. తల్లి అక్కడే నిలబడి చూసి, “ఎప్పుడు పెరిగావే?” అంది. “మంగళవారం” అంది మా అమ్మాయి.

పది పరీక్షలు అయిపోయాయి. ఇంటరు ఎక్కడన్నది ఇంట్లో నడుస్తున్న చర్చ. విజయనగరంలో చేరి రోజూ రైల్లో వెళ్లిరావచ్చు, విశాఖలో హాస్టల్లో ఉండవచ్చు. నాన్నమ్మ ఓటు మొదటిదానికి. మా ఇద్దరి ఓట్లు రోజుకొక వైపు. కాలేజీలు చూడటానికి వెళ్తే ఈసారి ప్రశ్నలు మేము అడగడం లేదు, ఆమే అడుగుతోంది. మొన్న ఒక కాలేజీలో ఫీజులు, ర్యాంకులు అన్నీ చెప్పడం పూర్తయ్యాక, “సార్, ఆదివారం సెలవేనా?” అని అడిగింది. ఆయన నవ్వి, “ఇంటర్లో ఆదివారాలుండవమ్మా” అన్నారు. ఆమె నోట్‌బుక్కులో ఆ కాలేజీ పేరు పక్కన ఏదో రాసుకుని లేచింది. ఇంకా రెండు కాలేజీలు చూడాల్సి ఉంది.